చుక్కాని పట్టిన చిత్రకారుడు: పాల్ సిన్యాక్ రేవులు

అందరికీ నమస్కారం.

చిత్రకారుడి గురించి మాట్లాడమంటే కుంచె దగ్గర మొదలుపెట్టడం అలవాటు. పాల్ సిన్యాక్ విషయంలో చుక్కాని దగ్గర మొదలుపెట్టడమే న్యాయం. 1863లో పారిస్‌లో పుట్టి 1935లో అక్కడే కన్నుమూసిన ఈ మనిషి జీవితంలో 32 పడవలు మార్చాడు. మొట్టమొదటి బుల్లి పడవకు పెట్టిన పేరు మానే-జోలా-వాగ్నర్. ఒక చిత్రకారుడు, ఒక నవలాకారుడు, ఒక సంగీతకర్త. అంత పేరు రాయడానికి ఆ పడవలో చోటెక్కడ దొరికిందో గానీ, కుర్రవాడి అభిరుచులు మాత్రం అందులో పూర్తిగా తెలిసిపోతాయి. పడవ పందేల్లో ఆరితేరిన గుస్తావ్ కైబోత్ కూడా చిత్రకారుడే. అలాంటివాడి స్నేహం తోడయ్యాక ఇక చెప్పేదేముంది!

1884లో జార్జ్ సూరా అనే చిత్రకారుడు పరిచయమయ్యాడు. రంగుల్ని పలక మీద కలిపేయకుండా, విడివిడి చుక్కలుగా పక్కపక్కన పెట్టి, కలిపే పని చూసేవాడి కంటికి వదిలేసే పద్ధతి ఇద్దరిదీ. పద్ధతి బాగుంది, కానీ మహా నిదానం. ఒక కాన్వాసు నిండాలంటే వారాలు పడుతుంది. సముద్రం అన్నాళ్లు ఆగుతుందా? గాలి మళ్లితే తెరచాప మారిపోతుంది, పోటు తగ్గితే రేవే మారిపోతుంది. సిన్యాక్ బొమ్మల్లో నాకు ఆసక్తిగా అనిపించేది ఈ పేచీయే: చుక్కలవాడికీ పడవవాడికీ మధ్య పేచీ.

1891లో ఫ్రాన్స్ పడమటి కొసన ఉన్న బ్రిటనీ తీరంలోని కొంకార్నో రేవులో వేసిన అయిదు బొమ్మలు చూడండి. మన మత్స్యకారులు కవళ్లు అంటారే, ఆ సార్డీన్ చేపల వేట పడవలు. ఒక్కో బొమ్మకూ పాశ్చాత్య సంగీతంలో లాగా ఓపస్ సంఖ్య, అంటే రచనల వరుస సంఖ్య, దాని పక్కన ఒక గతి. ఉదయపు ప్రశాంతతకు నిదానమైన లార్గెట్టో, పొద్దుగూకే వేళకు ఇంకా నిదానమైన అడాజియో, గాలి లేచిన బొమ్మకు వేగమైన ప్రెస్టో. మన కచేరీలో విలంబం నుంచి ద్రుతానికి వెళ్లినట్టు. ఇదేదో సోకు కోసం పెట్టిన పేర్లనుకుంటారు కొందరు. నేను ఒప్పుకోను. పడవ నడిపేవాడికి గాలే లయ. గాలి పడిపోతే పడవ నిలబడిపోతుంది, లేస్తే పరుగెడుతుంది. ఆ గతులు పడవ మీద కూర్చున్నవాడికి తెలిసిన గతులు.

అదే ఏడు సూరా 31 ఏళ్లకే చనిపోయాడు. మరుసటి ఏడాది సిన్యాక్ బ్రిటనీ నుంచి ఒలింపియా అనే తన పడవలో బయల్దేరి, దక్షిణ ఫ్రాన్స్ కాలువల మీదుగా మధ్యధరా సముద్రం చేరి, సెయింట్ ట్రోపేలో లంగరు దించాడు. ఇవాళ కోటీశ్వరుల నౌకలతో కిటకిటలాడే ఆ ఊరు అప్పట్లో ఒక చిన్న చేపల రేవు. 1897లో అక్కడ ఇల్లే కొనేశాడు. 1904 వేసవిలో చిత్రకారుడు మతీస్ ఆయన దగ్గరికి వచ్చి చుక్కలతో కొన్నాళ్లు కుస్తీ పట్టింది అక్కడే.

సెయింట్ ట్రోపేలో 1895లో వేసిన ఎర్ర బోయా బొమ్మ దగ్గర కాసేపు ఆగుదాం. బోయా అంటే పడవలకు దారి చూపడానికి నీళ్ల మీద తేలించే గుర్తు. ముందు నీలి నీళ్లు. వాటిలో నారింజ ఛాయ కలిసిన ఎర్రటి బోయా ఒకటి. దాని నీడ నీళ్లలో ముక్కలు ముక్కలుగా విరిగి మన వైపు దిగివస్తుంది. నీలం పక్కన నారింజ పడితే రెండూ మరింత మండుతాయన్నది రంగుల శాస్త్రం. దానికి సాక్ష్యంగా బల్ల మీది పండును పెట్టినా పని జరిగేదే. సిన్యాక్ బోయాను ఎంచుకున్నాడు. రేవులోకి వచ్చే పడవవాడు కళ్లతో వెతుక్కునే వస్తువు అది. శాస్త్రం, అవసరం అక్కడ ఒక్కచోట కలిశాయి.

తర్వాత చుక్కలు లావెక్కి చలువరాతి పలకల్లా తయారయ్యాయి. వెనిస్, రాటర్‌డామ్, కాన్‌స్టాంటినోపుల్ రేవుల పెద్ద బొమ్మలు గొప్పవే, కాదనను. నా ఓటు మాత్రం నీటి రంగులకే. పెన్సిలుతో నాలుగు గీతలు, వాటి మీద రంగు తడి, మధ్యలో కాగితం తెలుపు అలాగే మిగిలి ఉంటుంది. రేవుగట్టు మీద కూర్చుని, పడవ కదిలేలోపు తేల్చేసే పని. పెద్ద కాన్వాసులు ఈ కాగితాల ఆధారంగా స్టూడియోలో తయారయ్యేవి.

1915లో ప్రభుత్వం ఆయనకు నౌకాదళ అధికారిక చిత్రకారుడన్న హోదా ఇచ్చింది. యుద్ధమంటేనే పడని, ప్రభుత్వాలే వద్దనే అరాచకవాదికి ఆ హోదా, అదీ మొదటి ప్రపంచ యుద్ధం మధ్యలో! రేవుల్లో బొమ్మలు వేసుకోవడానికి అది పనికొచ్చే కాగితమే లెండి.

1929లో, 65 ఏళ్ల వయసులో, గాస్తోన్ లెవీ అనే వ్యాపారి అండతో ఫ్రాన్స్ రేవులన్నీ నీటి రంగుల్లో వేసే పనికి దిగాడు. రేవుకు రెండు బొమ్మలు, ఒకటి లెవీకి, రెండోది తనకు. సుమారు వంద రేవులు. జీవితమంతా పడవల్లో తిరిగిన మనిషి ఈ యాత్రకు ఎక్కింది కారు! 1931 దాకా సాగిన ఆ పనిలో ఏ తీరపు పడవ ఆ తీరానిదే. ట్యూనా వేటకెళ్లే పడవల పొడవాటి గడలు, అట్లాంటిక్ అవతల కెనడా తీరంలోని న్యూఫౌండ్‌ల్యాండ్ దాకా వెళ్లే ఓడల కొయ్యలు, మధ్యధరా పడవల వాలు తెరచాపలు, దేని కట్టు దానిదే. తాళ్లు ఎక్కడ కట్టాలో తెలిసినవాడి చెయ్యి దాచినా దాగదు.

ఇక దీపాలు ఆర్పమంటున్నాను. తెర మీద ఎడమ పక్క కొంకార్నో తైలవర్ణం, కుడి పక్క లెవీ కోసం వేసిన నీటి రంగు బొమ్మ. గాలి ఏ బొమ్మలో ఎక్కువ ఉందో మీరు చెప్పండి, వాదన తర్వాత పెట్టుకుందాం.