చిట్టీ తప్పకుండా కట్టినవ్, మరి ఆ సంగతి బ్యాంకుకు తెలుసా?

[తెర మీద: హనుమకొండ చౌరస్తా, సాయంత్రం రద్దీ]

నమస్తే. నిరుడు మా చిన్నమ్మ కొడుకుతోని ఒక బ్యాంకుకు పోయిన. ఇరవై ఆరేండ్ల పిల్లగాడు. హసన్‌పర్తి దిక్కు 150 గజాల ప్లాటు చూసుకున్నడు. నలభై నెలలు చిట్టీ కట్టిండు, ఒక్క నెల తప్పలే. ఆఫీసరు పాన్ నంబరు కొట్టి, కంప్యూటర్ మా దిక్కు తిప్పిండు. సిబిల్ స్కోరు, అంటే అప్పులు కట్టిన తీరుకు వేసే మార్కు, ఉండాల్సిన కాడ మైనస్ ఒకటి.

[తెర మీద: –1]

పిల్లగాని మొఖం వాడిపోయింది. తప్పు చేసినట్టు కాదు తమ్ముడూ, చరిత్రే లేదని అర్థం. మనూరి చిట్టీ సిబిల్‌కు ఎక్కదు. చేబదులు తీర్చింది కూడా ఎక్కదు. ఆ ఒక్క కారణంతో తొలి అప్పు కాదనొద్దని రిజర్వు బ్యాంకు చెప్పింది గానీ, చరిత్ర ఉన్నోనికి మాట తొందరగా కుదురుతది.

స్కోరు 300 నుంచి 900 దాకా ఉంటది. 750 దాటితే బ్యాంకోళ్లు మంచిగ చూస్తరు.

మావోడు ఏం చేసిండంటే, 25 వేలు ఫిక్స్‌డ్ డిపాజిట్ వేసి, దాని మీద 20 వేల లిమిట్ క్రెడిట్ కార్డు తీసుకున్నడు. జీతం కాగితాలు పెద్దగా అడగరు. నెలకు పెట్రోలు, కరెంటు బిల్లు, అంతే. ఆరు వేలు దాటనియ్యడు, అంటే లిమిట్‌ల 30 శాతం. బిల్లు మొత్తం కడతడు. 'మినిమమ్ డ్యూ', అంటే బిల్లుల కనీసం కట్టమనే మొత్తం, కడితే చాలనుకోకండి, మిగిలిన దాని మీద నెలకు మూడు రూపాయలకు పైనే వడ్డీ పడతది. మన గిరివి దుకాణం కంటే ఘోరం!

ఇంకో మాట, ఇది నా మనసుల ఎప్పటినుంచో ఉన్నది. దోస్తు బండి లోనుకు షూరిటీ సంతకం పెట్టకముందు ఆలోచించు. వాడు కిస్తీ ఎగ్గొడితే నీ రిపోర్టుల కూడా పడతది. కిస్తీ 5న కట్ అయితది, జీతం 7న పడతది, ఇట్ల కూడా మస్తుమంది బౌన్స్ అయితున్నరు. తారీఖు మార్పించుకో.

దేశంల సిబిల్ లెక్క అప్పుల చరిత్ర రాసిపెట్టే కంపెనీలు, అంటే క్రెడిట్ బ్యూరోలు, నాలుగున్నయి, ఒక్కోటి ఏడాదికోసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇయ్యాలె. తప్పు కనబడితే ఫిర్యాదు పెట్టు. 30 రోజుల్ల సరిచెయ్యకపోతే రోజుకు 100 రూపాయల పరిహారం నీ హక్కు.

[తెర మీద: లేఅవుట్ కాగితం]

స్కోరు వచ్చినా, కుడా (కాకతీయ పట్టణాభివృద్ధి సంస్థ) అనుమతి లేని లేఅవుట్‌కు, పొలాన్ని గజాలుగా కోసి అమ్మేదానికి బ్యాంకు లోను దొరకదు. 30 లక్షల లోపు ఇంటి లోనుకు ఇల్లు విలువల 90 శాతం దాకా ఇయ్యొచ్చు, మిగిలింది నీ జేబుల నుంచే. రిజిస్ట్రేషన్ ఖర్చు దానికి అదనం. చిట్టీ డబ్బులు అక్కరకొచ్చేది అప్పుడే.

ఎనిమిది నెలలకు మావోని మైనస్ ఒకటి పోయి మూడంకెల స్కోరు కనబడ్డది. ప్లాటు ఇంకా కొనలే. ఆ లేఅవుట్ రెరా నంబరు, అంటే రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థల రిజిస్టర్ అయిన నంబరు, తెమ్మని ఏజెంటును అడిగి వచ్చిండు, వాడు ఇంకా తెస్తనే ఉన్నడు.