గొడ్డలి దొరికింది, నేరం ఒప్పుకున్నాడు... మరి హైకోర్టు ఎందుకు కొట్టేసింది?

(తెర మీద: పొగాకు ఆరబెట్టే బ్యారన్, వెనక కట్టెల మోపులు)

నమస్కారమండీ. ఒంగోలు కోర్టు బయట జనం తరచూ అడిగే ప్రశ్న ఇది. "వాడే చంపానన్నాడు, గొడ్డలి కూడా తీసిచ్చాడు. ఇక్కడ యావజ్జీవం పడితే హైకోర్టు వదిలేసిందేంటి?"

ఒక కేసు ఊహించుకుందాం. టంగుటూరు వైపు ఒక ఊరు, గట్టు తగాదా, హత్య. పోలీసులు నిందితుణ్ణి పట్టుకుని, వీఆర్వోని, ఇంకొకరిని మధ్యవర్తులుగా, అంటే చూసి సంతకం పెట్టే సాక్షులుగా, కూర్చోబెట్టారు. అతను చెప్పింది రాశారు:

"మా పెదనాన్న కొడుకుని గొడ్డలితో నరికాను. దాన్ని బ్యారన్ వెనక కట్టెల కింద దాచాను. వస్తే చూపిస్తాను."

(తెర మీద: అదే కాగితం, మొదటి వాక్యం మీద పెన్సిల్ గీత)

మొదటి వాక్యం కోర్టులో చెల్లదు. పోలీసుల దగ్గర ఒప్పుకున్నది సాక్ష్యం కాదు. లాకప్‌లో మనిషి చేత ఏదైనా చెప్పించొచ్చు కాబట్టే ఈ కట్టడి. దాచాను, చూపిస్తాను అన్న ముక్క మాత్రం, నిజంగా అక్కడ గొడ్డలి దొరికితే, చెల్లుతుంది. పాత ఎవిడెన్స్ యాక్ట్‌లో ఇది సెక్షన్ 27. 2024 జులై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 23.

ఈ గీత ఎక్కడ గీయాలో తేల్చింది మన తెలుగు నేల మీది కేసే, పులుకూరి కోటయ్య కేసు. గుంటూరు సెషన్స్ కోర్టు నుంచి, బ్రిటిష్ కాలంలో మనకు ఆఖరి అప్పీల్ కోర్టైన లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ దాకా వెళ్లింది. కత్తిని మనుషులు ఏనాడో కనిపెట్టారు, ఇక్కడ కొత్తగా బయటపడింది అది ఉన్న చోటు, ఆ చోటు నిందితుడికి తెలుసన్న సంగతి అన్నారు జడ్జీలు. ఎంత బాగా చెప్పారో చూడండి! దాంతోనే నరికాడా అన్నది వేరే సాక్ష్యంతో రుజువు చేయాలి.

ఇక అప్పీల్. చెల్లని ముక్క రికార్డులోకి వచ్చిందని శిక్ష దానంతటదే పోదు. అదే సాక్ష్య అధినియమ్ సెక్షన్ 169 ప్రకారం, దాన్ని తీసేసినా మిగతా సాక్ష్యం సరిపోతే శిక్ష నిలుస్తుంది. కళ్లారా చూసినవాళ్లుంటే సరే. రికవరీ, అంటే నిందితుడు చూపిస్తే గొడ్డలి దొరకడం, ఒక్కటే ఆధారమైతే మధ్యవర్తుల నివేదికే ప్రాణం. అందుకే కింది కోర్టులో నిందితుడి లాయర్ వీఆర్వోని చేసిన క్రాస్ ఎగ్జామినేషన్‌ని హైకోర్టులో అక్షరం అక్షరం చదువుతారు.

"బ్యారన్ దగ్గరికి మీరు వెళ్లారా?"

"లేదండీ, స్టేషన్‌లోనే సంతకం పెట్టాను."

ఇక నిందితుడు చూపిస్తేనే ఆ గొడ్డలి దొరికిందని కోర్టు ఎలా నమ్ముతుంది చెప్పండి?