శివారు చేనుకు చేరాల్సిన కత్తెర

అందరికీ నమస్కారం. మార్టేరు పక్క ఊళ్లో జన్యువుల గురించి మాట్లాడుతూ వరితో మొదలుపెట్టకపోతే మీరు ఊరుకోరు. ఎం.టి.యు. 1010, అదే మన కాటన్ దొర సన్నాలు, మార్టేరు పరిశోధనా కేంద్రంలో పుట్టిన రకం. ఢిల్లీ శాస్త్రవేత్తలు డీఎన్ఏను కత్తెరలా కోసే క్రిస్పర్ పద్ధతిలో అందులోని ఒక జన్యువును పనిచేయకుండా ఆపి, ఉప్పు నేలను, నీటి ఎద్దడిని తట్టుకునే వరిని తయారుచేశారు. 2025 మేలో ప్రభుత్వం దాన్ని ప్రకటించింది.

"వరిలో చేసినవాళ్లు మా పిల్లాడి ఫిట్స్‌కి ఎందుకు చేయలేరు మాస్టారూ?" అని కిందటి వారం ఒకావిడ అడిగారు. ఇవాళ నేను మాట్లాడేదంతా ఆవిడకి జవాబే.

డీఎన్ఏను కోరిన చోట కోయడం ఇప్పుడు పెద్ద కష్టం కాదు. 2012లో డౌడ్నా, షార్పెంటియే అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఈ క్రిస్పర్ కత్తెరతో దారి చూపారు, 2020లో వాళ్లకు నోబెల్ వచ్చింది. వరి అయితే కణాలను గాజు పాత్రలో మార్చి, మొక్కలు పెంచి, తేడా వచ్చినవి పీకి పారేస్తారు. సికిల్ సెల్ అనే రక్త జబ్బుకు, రక్తాన్ని తయారుచేసే రోగి మూలకణాలను బయటికి తీసి, మార్చి, పరీక్షించి, మళ్లీ ఎక్కిస్తారు. 2023లో బ్రిటన్, అమెరికా ఈ చికిత్సకు అనుమతిచ్చాయి. మెదడును అలా బయటికి తీయలేం కదా! కత్తెరే లోపలికి వెళ్లాలి.

అక్కడ 8,600 కోట్ల నాడీకణాలున్నాయి. 2023లో వచ్చిన మెదడు కణాల పటం (అట్లాస్) 3,000కు పైగా కణరకాలను లెక్కతేల్చింది. రకానికి అంత పట్టింపు ఎందుకో డ్రావే సిండ్రోమ్ అనే ఫిట్స్ జబ్బును చూస్తే తెలుస్తుంది. ఏడాది నిండకముందే, చాలాసార్లు జ్వరంతో, ఫిట్స్ మొదలవుతాయి. ఎక్కువమందిలో కారణం ఎస్.సి.ఎన్.1ఎ. అనే జన్యువు. మనకుండే రెండు ప్రతుల్లో ఒకటి పాడవుతుంది. కణంలోకి సోడియం వెళ్లే ద్వారాన్ని తయారుచేసేది అదే. ద్వారాలు తగ్గితే మెదడు చప్పబడాలి కదా, ఫిట్స్ ఎందుకొస్తాయి? ఆ ద్వారం మీద ఎక్కువగా ఆధారపడేవి, మిగతా కణాలను అదుపులో పెట్టే నిరోధక కణాలు. కాపలావాడే కునుకు తీశాడన్నమాట. అందుకే సోడియం ద్వారాలను మూసే ఫెనిటాయిన్, కార్బమజెపైన్ లాంటి మందులు ఈ పిల్లల్లో ఫిట్స్‌ను పెంచొచ్చు. (ఇది విని ఇంటికెళ్లి ఎవరూ మాత్రలు ఆపకండి, డాక్టరును అడగండి.) కాబట్టి మరమ్మతు ఈ కాపలా కణాల్లోనే జరగాలి.

కత్తెరను మోసుకెళ్లేది ఎ.ఎ.వి. అనే చిన్న వైరస్. మనకు జబ్బు చేయదు గానీ దాని పొట్టలో సుమారు 4,700 అక్షరాల డీఎన్ఏ మాత్రమే పడుతుంది. క్రిస్పర్‌లో కోసే పని చేసే ప్రొటీన్, క్యాస్9 కత్తెరకే 4,100 పోతాయి. అందుకే చిన్న కత్తెరలు వెతుకుతున్నారు.

తర్వాత రక్తానికీ మెదడుకీ మధ్య గట్టు. 2016లో అమెరికాలోని కాల్‌టెక్ విశ్వవిద్యాలయం వాళ్లు దాన్ని దాటే వైరస్ తయారుచేశారు. ఎలుకల మెదడంతా పాకింది, అందరూ సంబరపడ్డారు. తీరా చూస్తే మరో జాతి ఎలుకల్లో గట్టే దాటలేదు, కోతుల్లోనూ అంతే! అది పట్టుకుని ఎక్కే ప్రొటీన్ ఆ మొదటి జాతి ఎలుకల రక్తనాళాల్లో ఉంది, మనలో లేదు. ఇంత కష్టపడి ఎలుకకు వైద్యం కనిపెట్టామా అని నవ్వొస్తుంది. కానీ ఆ దెబ్బతోనే దారి మారింది. 2024లో బ్రాడ్ ఇన్‌స్టిట్యూట్ బృందం, మనిషి మెదడుకు ఇనుము చేరవేసే ట్రాన్స్‌ఫెరిన్ గ్రాహకాన్నే పట్టుకునే వైరస్‌ను చూపించింది.

గట్టు దాటినా పని అవ్వదు. వైరస్ కాలవ నీరు లాంటిది, దారిలో ఉన్న చేలన్నిటికీ పారుతుంది. మనకు కావలసింది శివారున ఉన్న ఒక్క చేను. ఇక్కడ పనికొచ్చేవి ఎన్‌హాన్సర్లు, అంటే ఒక జన్యువు ఏ కణంలో పనిచేయాలో చెప్పే డీఎన్ఏ ముక్కలు, కాలవకు తూముల్లాంటివి. అన్ని కణాల్లోనూ డీఎన్ఏ ఒకటే అయినా, ఒక్కో రకంలో ఒక్కో తూము తెరిచి ఉంటుంది. నిరోధక కణాల్లో మాత్రమే తెరుచుకునే తూము ముక్కను పట్టుకుని కత్తెర జన్యువు ముందు పెడితే, వైరస్ ఎక్కడికి వెళ్లినా కత్తెర తయారయ్యేది అక్కడే. 2025 మేలో సియాటెల్‌లోని ఆలెన్ ఇన్‌స్టిట్యూట్, ఇంకొన్ని బృందాలు కలిసి ఇలాంటి తూములున్న వైరస్‌లను పెద్ద సంఖ్యలో బయటపెట్టాయి. నా దృష్టిలో కత్తెర కన్నా ఈ తూముల పనే గొప్పది. పేపర్లలో పేరు మాత్రం కత్తెరకే వస్తుంది.

ఇంకో టెన్షన్ ఉంది. నాడీకణాలు విభజన చెందవు కాబట్టి వైరస్ తెచ్చిన జన్యువు ఏళ్ల తరబడి అక్కడే ఉండి కత్తెరలు చేస్తూనే ఉంటుంది. కోత అయ్యాక కొడవలి చేలో వదిలేసి వస్తామా? పైగా ఒకసారి ఇచ్చాక శరీరం ఆ వైరస్‌ను గుర్తుపెట్టుకుంటుంది, రెండోసారి రానివ్వదు.

ఆవిడకి జవాబు ఇదీ: డ్రావేకి జన్యువును కోసి సరిచేసే చికిత్స ఇవాళ ఆస్పత్రుల్లో లేదు. నిరోధక కణాల్లోనే తెరుచుకునే తూముతో, మిగిలిన మంచి ప్రతి చేత ఎక్కువ పని చేయించే చికిత్సను మాత్రం పిల్లల మీద పరీక్షిస్తున్నారు. ఇంతకీ ఆ అబ్బాయిది డ్రావేనో కాదో నాకు తెలీదు, ఫిట్స్‌కి కారణాలు బోలెడు. జన్యు పరీక్ష చేయించి ఉంటే ఆ రిపోర్టు తీసుకురండమ్మా. అందులో ఏ జన్యువు పేరు రాశారో ముందు అది చూద్దాం.