మ్యాగజైన్ తీసేశా కదా, ఖాళీయే!

హోస్ట్: అందరికీ నమస్తే. 2012లో లండన్‌లో గగన్ నారంగ్ కాంస్యం కొట్టినప్పుడు మన హైదరాబాద్‌లో మొదలైన తుపాకీ షూటింగ్ మోజు, 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల నుంచి ఈషా సింగ్ ఒక స్వర్ణం, మూడు రజతాలు తెచ్చాక ఇంకో మెట్టెక్కింది. సమ్మర్ క్యాంపులకు పిల్లలొస్తున్నారు, వీకెండ్ అయితే ఆఫీసు గ్యాంగులు కూడా వస్తున్నాయి. మెడల్స్ సంగతి అందరూ మాట్లాడేదే కాబట్టి ఇవాళ దాన్ని వదిలేద్దాం. షూటింగ్ రేంజ్‌లో, అంటే తుపాకీ కాల్చడం నేర్పే చోట, ఎవరికీ దెబ్బ తగలకుండా చూసే మనిషిని పట్టుకొచ్చాను. పేరు వద్దు, కోచ్ అంటే చాలన్నారు. అక్కా, మీకు భయమేసేది ఎప్పుడు?

కోచ్: కాల్చేటప్పుడు మాత్రం కాదు తమ్ముడూ. లైన్ మీద నిలబడి, ఒళ్లు దగ్గర పెట్టుకుని, టార్గెట్ వైపు గురిపెట్టినవాడితో నాకు పెద్ద టెన్షన్ లేదు. కాల్చడం అయిపోయి, "చూశావారా నా స్కోరు" అని వెనకున్న ఫ్రెండ్ వైపు తిరుగుతాడు చూడు, అప్పుడు గుండె జారుతుంది. వాడు తిరిగితే వాడి చేతిలో ఉన్నదీ తిరుగుతుంది కదా. అరిస్తే వచ్చే మొదటి జవాబు ఏంటో తెలుసా? "ఖాళీయే మేడం."

హోస్ట్: నిజంగా ఖాళీ అయితే?

కోచ్: ఖాళీ అని ఎలా తెలుసు? మ్యాగజైన్, అంటే తూటాలుండే డబ్బా, తీసేశాడు కాబట్టి. సెమీ ఆటోమేటిక్ పిస్టల్‌లో మ్యాగజైన్ తీసినా ఛాంబర్‌లో, అంటే గొట్టం వెనక తూటా ఉండే అరలో, ఎక్కి కూర్చున్న ఒక రౌండ్, అదే తూటా, అక్కడే ఉంటుంది. చాలా పిస్టళ్లు మ్యాగజైన్ లేకుండానే ఆ ఒక్కటీ పేల్చేస్తాయి. ఇంకో రకం వాళ్లుంటారు, ముందు స్లైడ్, అదే పిస్టల్ పైన వెనక్కీ ముందుకీ జరిగే భాగం, లాగి, ఛాంబర్‌లోది కింద పడగానే సంతోషపడి, ఆ తర్వాత మ్యాగజైన్ తీస్తారు. స్లైడ్ వెనక్కి పోయి ముందుకొచ్చేటప్పుడు మ్యాగజైన్‌లోంచి ఇంకో రౌండ్‌ని ఛాంబర్‌లోకి తోసేసింది, ఆ సంగతి వాళ్లకు తెలియదు. అంటే ఖాళీ చేస్తున్నామనుకుంటూ లోడ్ చేశారన్నమాట. అందుకే వరుస మారకూడదు. మొదట మ్యాగజైన్ బయటికి, తర్వాత స్లైడ్ లాగి వెనకే లాక్ చెయ్యాలి, ఆపైన ఛాంబర్‌లోకి కళ్లతో చూడాలి, వెలుతురు తక్కువైతే చిటికెన వేలు పెట్టి తడిమి చూడాలి. ఇంతసేపూ గొట్టం టార్గెట్ వైపే.

హోస్ట్: జెండాలాంటిది ఒకటి పెడతారు కదా, ఆరెంజ్ రంగులో?

కోచ్: సేఫ్టీ ఫ్లాగ్. అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య నిబంధనల్లోనే ఉంది, ఛాంబర్‌లో ఫ్లాగ్ కనపడాలి, ఎయిర్ గన్ అయితే బ్యారెల్ పొడవునా పోయి రెండు వైపులా బయటికి కనిపించే రంగు వైరు. దాని మేలేంటంటే పది అడుగుల దూరంలో ఉన్న నాకు కూడా ఆ గన్‌లో ఏమీ లేదని తెలుస్తుంది, నీ మాట నమ్మాల్సిన పని లేదు. "అన్‌లోడ్" అనగానే ఫ్లాగ్ పెట్టి, గన్ టేబుల్ మీద పెట్టి, చేతులు తీసేసి ఒక అడుగు వెనక్కి జరగాలి. ఎవరైనా లైన్ దాటి ముందుకెళ్తే, పేపర్ టార్గెట్ మార్చడానికైనా సరే, వాళ్లు తిరిగొచ్చేదాకా గన్ ముట్టుకోకూడదు. తుడుచుకోవడం, గ్రిప్ సర్దుకోవడం, ఏదీ కుదరదు.

హోస్ట్: మనవాళ్లకి గన్ పట్టుకోవడం ఎక్కడ అలవాటవుతుంది అసలు? సినిమాలేనా?

కోచ్: సినిమాలు ఒకటి, వేలు ఎప్పుడూ ట్రిగ్గర్ మీదే ఉంటుంది వాటిలో. కానీ నన్నడిగితే నుమాయిష్. నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో బెలూన్ల స్టాల్ ఉంటుంది కదా, అక్కడి కుర్రాడు గన్ మడిచి, ఛర్రా, అదే చిన్న సీసం గుండు, పెట్టి, కౌంటర్ మీంచి నీ చేతికిస్తాడు. ఇచ్చేటప్పుడు గొట్టం ఎవరి పొట్ట వైపుందో వాడూ చూడడు, నువ్వూ చూడవు. నీ వెనకాల నీ చెల్లెలు ఐస్‌క్రీమ్ తింటూ ఉంటుంది. మనలో చాలామంది జీవితంలో మొదటిసారి గన్ పట్టుకునేది అక్కడే, దాంతో అదే పద్ధతి అనుకుంటారు. బెలూన్ పగలకపోతే మళ్లీ గన్ అటూ ఇటూ తిప్పి, గొట్టంలోకి తొంగి చూసే మహానుభావులు కూడా ఉన్నారు.

హోస్ట్: నేను కూడా చూశానక్కా అలాంటివాళ్లని. సరే, వేలి గురించి చెప్పండి. ట్రిగ్గర్ మీద పెట్టినంత మాత్రాన పేలిపోదు కదా?

కోచ్: ఏ గన్ అన్నదాన్ని బట్టి. పది మీటర్ల ఎయిర్ పిస్టల్‌కి ట్రిగ్గర్ బరువు, అంటే నొక్కడానికి కావాల్సిన బలం, కనీసం 500 గ్రాములుండాలని రూల్, 25 మీటర్ల పిస్టల్‌కి కిలో. ఎయిర్ రైఫిల్‌కి ఆ పరిమితే లేదు, పెద్ద షూటర్లు దాన్ని ఎంత తేలిగ్గా పెట్టుకుంటారంటే వేలు తాకిందో లేదో తెలిసేలోపు షాట్ వెళ్లిపోతుంది. దానికి తోడు మన ఒళ్లు మన మాట వినదు. పక్క లేన్‌లో ఢామ్మని పేలితే ఉలిక్కిపడతావు, ఉలిక్కిపడితే వేళ్లన్నీ ఒకేసారి ముడుచుకుంటాయి, ఎడమ చేత్తో ఏదైనా గట్టిగా పట్టుకున్నా కుడి చేతి వేళ్లు దాంతోపాటు బిగుస్తాయి. కాబట్టి గురి కుదిరి, కాల్చాలని నిర్ణయించుకునేదాకా వేలు ట్రిగ్గర్ గార్డ్ బయట, ఫ్రేమ్ మీద చాపి ఉండాలి. వేడి ఖోఖా సంగతి చెప్పనా?

హోస్ట్: ఖోఖా అంటే ఖాళీ తూటా గొట్టమా?

కోచ్: అదే. పిస్టల్ కాల్చగానే ఎగిరి బయటపడుతుంది, కాలిపోతూ ఉంటుంది. మన ఎండలకి అందరూ పై గుండీలు విప్పుకుని వస్తారా, అది వచ్చి సరిగ్గా మెడ దగ్గర కాలర్‌లో పడుతుంది. అప్పుడు మనిషి చేసే డ్యాన్స్ చూడాలి. చేతిలో లోడైన గన్, వేలు ట్రిగ్గర్ మీద, ఒళ్లంతా దులుపుకుంటూ గుండ్రంగా తిరుగుతాడు. అందుకే గొంతు దాకా మూసిన టీషర్ట్, టోపీ, బూట్లు వేసుకుని రమ్మంటాం. కాలినా సరే గొట్టం ముందుకే ఉంచి, గన్ కింద పెట్టి, ఆ తర్వాత ఎంతసేపైనా ఎగురు.

హోస్ట్: నొక్కాక పేలకపోతే?

కోచ్: అసలు పాఠం ఇదే. పేలలేదనగానే మనిషికి మొదట వచ్చే ఆలోచన దాన్ని తిప్పి చూడటం. చూడొద్దు. గొట్టం టార్గెట్ వైపే ఉంచి కనీసం 30 సెకన్లు ఆగాలి, ఎందుకంటే లోపల మందు ఆలస్యంగా అంటుకునే వీలుంది. ఆగుతూనే ఖాళీ చేతిని పైకెత్తి అధికారిని పిలవాలి. ఇంకోటి ఉంది, దీనికంటే మాయదారిది. పేలింది కానీ శబ్దం తేడాగా, తుస్సుమని వచ్చింది, కుదుపు కూడా లేదు. అంటే తూటా బ్యారెల్ మధ్యలో ఇరుక్కుని ఉండొచ్చు. అది చూసుకోకుండా ఇంకోటి కాలిస్తే దారి లేక బ్యారెల్ చీలిపోతుంది, నీ చేతులూ మొహమూ దాని పక్కనే ఉంటాయి. శబ్దం నచ్చలేదంటే ఆపెయ్యి, అంతే.

హోస్ట్: పోటీలో అయితే టైం పోతుంది కదా.

కోచ్: పోతుంది. 2021లో టోక్యోలో మన షూటర్ మను భాకర్ పిస్టల్ క్వాలిఫికేషన్ మధ్యలో పాడైంది. ఒలింపిక్స్‌లో గడియారం తిరుగుతున్నా లైన్ వదిలి వెళ్లి బాగు చేయించుకుని రావాల్సి వచ్చింది, చివరికి ఫైనల్ కొద్దిలో పోయింది. ఆ అమ్మాయే 2024లో పారిస్‌లో రెండు కాంస్యాలు కొట్టింది. ఒలింపిక్స్‌లోనే ఆగగలిగినప్పుడు, ఆదివారం పొద్దున బిర్యానీకి లేటవుతోందని మన సార్లకి ఆ తొందరేంటో నాకు అర్థం కాదు.

హోస్ట్: (నవ్వు) పిల్లల సంగతికి వద్దాం. ఎంత వయసు నుంచి?

కోచ్: ఆయుధాల లైసెన్స్ కావాలంటే 21 ఏళ్లు నిండాలి. ట్రైనింగ్ కోసమైతే 12 ఏళ్ల నుంచి పెద్దవాళ్ల పర్యవేక్షణలో కాల్చనిస్తారు. కానీ వయసు కన్నా నేను చూసేది చేతికి ఏమిస్తున్నామన్నది. 2014 ఆగస్టులో అమెరికాలో ఆరిజోనాలో ఒక టూరిస్ట్ రేంజ్‌లో తొమ్మిదేళ్ల పాప చేతికి ఊజీ సబ్‌మెషిన్ గన్ ఇచ్చారు. ఆటోమేటిక్‌లో, అంటే ఆపకుండా వరసగా పేలేలా, పెట్టగానే ఆ కుదుపుకి గన్ పైకి లేచి పక్కకి తిరిగింది, పక్కనే నిలబడి నేర్పిస్తున్న మాస్టర్ తలకు తూటా తగిలి ఆయన చనిపోయాడు. తప్పు పాపది కాదు కదా. పిల్లలకి మొదట ఎయిర్ రైఫిల్, అదీ స్టాండ్ మీద ఆనించి. కొత్తవాళ్లు పెద్దవాళ్లైనా, ఏ గన్‌తోనైనా మొదటిసారి ఒక్క రౌండే లోడ్ చేసి ఇస్తాను. కుదుపుకి బెదిరిపోయినా లోపల రెండోది ఉండదు.

హోస్ట్: ఎయిర్ గన్ కి కళ్లజోడు అవసరమా అని చాలామంది అడుగుతారు.

కోచ్: అవసరమే. సీసం ఛర్రా గట్టి గోడకో ఇనుముకో తగిలితే వెనక్కి ఎగిరొస్తుంది, కన్ను పోవడానికి అది చాలు. పౌడర్ గన్లయితే, అంటే మందుతో పేలేవైతే, చెవులకి కూడా రక్షణ కావాలి, .22 తుపాకీ చప్పుడు కూడా 140 డెసిబెల్స్ దగ్గరికి వెళ్తుంది. ఇండోర్ రేంజ్ అయితే లోపల ప్లగ్గులు, పైన మఫ్‌లు, రెండూ. ఇంకోటి, ఇది తల్లిదండ్రులు అసలు పట్టించుకోనిది, సీసం దుమ్ము. చేతులకి అంటుకుని ఉంటుంది, పిల్లల మెదడుకి మంచిది కాదు. రేంజ్‌లో సమోసాలు, చిప్స్ బంద్. బయటికి రాగానే సబ్బు, చల్లటి నీళ్లతో చేతులు కడగాలి, ఆ బట్టలతో ఇంట్లో పసిపిల్లల్ని ఎత్తుకోవద్దు. ఎయిర్ గన్‌కి గాలినిచ్చే సిలిండర్ మీద తేదీ కూడా చూసుకోండి. 200 బార్ల ఒత్తిడి ఉంటుంది లోపల, పదేళ్లు దాటితే మార్చేయాల్సిందే.

హోస్ట్: రేంజ్ బయట, బరాత్‌లలో గాల్లోకి కాల్చేవాళ్ల సంగతి?

కోచ్: దానికి నా దగ్గర జవాబు లేదు, చట్టం దగ్గర ఉంది. 2019లో ఆయుధాల చట్టం మార్చినప్పుడు ఇది ప్రత్యేకంగా రాశారు. సంబరాల్లో కాల్చి ఎవరి ప్రాణానికైనా ముప్పు తెస్తే రెండేళ్ల వరకు జైలు, లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. పైకి పోయిన తూటా కిందికి రాక ఎక్కడికి పోతుంది?

హోస్ట్: ఆఖరుగా ఒక వాయిస్ మెసేజ్. కూకట్‌పల్లి నుంచి ఒకాయన, బాబుకి ఎయిర్ రైఫిల్ కొనిచ్చారట, అపార్ట్‌మెంట్ టెర్రస్ మీద ప్రాక్టీస్ చెయ్యొచ్చా అంటున్నారు. లైసెన్స్ కూడా అక్కర్లేదు కదా అంటున్నారు.

కోచ్: .177 బోర్, అంటే గొట్టం రంధ్రం సైజు, 20 జౌల్స్ లోపు శక్తి ఉన్నదానికి 2016 ఆయుధాల నిబంధనల ప్రకారం లైసెన్స్ అక్కర్లేదు, ఆ మాట నిజమే. అంతమాత్రాన బొమ్మ అయిపోదు. ఆ ఛర్రా గురి తప్పితే వంద మీటర్లు దాటి పోగలదు, కూకట్‌పల్లిలో వంద మీటర్లంటే ఎన్ని బాల్కనీలు! టెర్రస్ వద్దు. ఇంట్లో ఖాళీ గన్‌తో నిలబడే పద్ధతి, ట్రిగ్గర్ నొక్కే పద్ధతి ప్రాక్టీస్ చేయించండి. ఛర్రాల డబ్బా వేరే గదిలో పెట్టి, ఖాళీ అని ఇద్దరు చూసి, వెనకాల మనుషులు తిరగని గోడ వైపు నిలబెట్టి. అయిపోగానే బీరువాలో పెట్టి తాళం వెయ్యండి.

హోస్ట్: తాళంచెవి బాబు దగ్గరేనా?

కోచ్: నాన్న దగ్గర. అది ఎక్కడుంటుందో బాబుకి తెలియకూడదు, బాబు ఫ్రెండ్స్‌కి బీరువాలో ఏముందో కూడా తెలియకూడదు.

హోస్ట్: మరి టెర్రస్?

కోచ్: బట్టలు ఆరేసుకోమను.