లెక్క చెప్పారు సరే, జవాబు ఎవరు చెబుతారు?

(స్టూడియో చర్చ పాఠం. పాల్గొన్నవారు: గ్రామాల్లో సామాజిక తనిఖీలు నడిపిన కార్యకర్త, విశ్రాంత ఆడిట్ అధికారి, ప్రభుత్వ ఆర్థిక వ్యవహారాలు బోధించే ఆచార్యులు.)

వ్యాఖ్యాత: నమస్కారం. బడ్జెట్ పెట్టిన రోజు ఏ చానల్ చూసినా అంకెలే. ఆ డబ్బు చివరికి ఏమైందో చెప్పే నివేదిక వచ్చిన రోజు మాత్రం అంత సందడి కనిపించదు. ఆ రెండో రోజు గురించే ఇవాళ మాట్లాడుకుందాం. మేడమ్, మీతో మొదలుపెడతాను. ఊళ్లో ప్రభుత్వ సొమ్ముకు లెక్క అడగడం ఎలా ఉంటుంది?

కార్యకర్త: ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న మన అనంతపురం జిల్లా బండ్లపల్లిలోనే మొదలైంది. అదే ఏడాది ఆంధ్రప్రదేశ్‌లో సామాజిక తనిఖీలు కూడా మొదలయ్యాయి. 2009లో వాటి కోసం విడిగా ఒక సొసైటీ ఏర్పడింది. కూలి కుటుంబాల్లో చదువుకున్న పిల్లలకు శిక్షణ ఇచ్చి, సొంత ఊరికి కాకుండా వేరే ఊరికి పంపుతారు. వాళ్లు మస్టర్ రోళ్లు, అంటే కూలీల హాజరు పట్టీలు, జరిగిన పని కొలతలు రాసే కొలతల పుస్తకం పట్టుకుని ఇల్లిల్లూ తిరుగుతారు. "ఫలానా వారం చెరువు పూడికకు ఆరు రోజులు వెళ్లినట్టు రాసి ఉందమ్మా, వెళ్లావా?" అని అడుగుతారు. "ఆ వారం మా అమ్మాయి పురుటికి వెళ్లాను కదయ్యా" అంటుంది. దొంగ మస్టరు అక్కడే బయటపడుతుంది. ఆ తర్వాత టేపు పట్టుకుని కాలువ కొలుస్తారు. చివరికి మండలంలో ప్రజావేదిక పెట్టి, అధికారులు, కూలీలు అందరి ముందూ ఊరూరి లెక్కలు చదువుతారు.

వ్యాఖ్యాత: అందరి ముందూ చెప్పడానికి భయపడరా?

కార్యకర్త: భయపడతారు. పని చూపించేదీ, మస్టరులో పేరు రాసేదీ ఒకే మనిషి. రేపు పని ఇవ్వకపోతే పొయ్యి ఎలా వెలుగుతుందన్న భయం చిన్నది కాదు. అందుకే చదివేది పొరుగూరి పిల్లలు. అయినా ఎవరో ఒక ముసలమ్మ లేచి నిలబడి, "ఆ వేలిముద్ర నాది కాదు" అంటుంది. ఆ మాట వినాలని అధికారులను అక్కడ కూర్చోబెట్టడమే ఈ పద్ధతి ప్రాణం.

ఆడిట్ అధికారి: ఒప్పుకుంటాను. మేము చేసే తనిఖీలో వోచరు, సంతకం, తేదీ సరిపోతే దాదాపు సరిపోయినట్టే. ఆ సంతకం ఎవరిదో ఆ ఊరివాళ్లే చెప్పగలరు. కానీ పెద్ద ప్రాజెక్టు లెక్కలు ఊరి సభలో తేలేవి కావు. తెలంగాణలోని కాళేశ్వరం ఎత్తిపోతల ప్రాజెక్టు చూడండి. ప్రభుత్వ ఖర్చులను తనిఖీ చేసే రాజ్యాంగ సంస్థ కాగ్ నివేదిక 2024 ఫిబ్రవరిలో తెలంగాణ శాసనసభ ముందుకు వచ్చింది. దాని ప్రకారం, ప్రాజెక్టు వ్యయాన్ని కేంద్ర జల సంఘానికి 81,911 కోట్ల రూపాయలుగా చూపారు. అది 1.47 లక్షల కోట్లు దాటవచ్చని కాగ్ లెక్కగట్టింది. అలాంటిది పట్టుకోవాలంటే శిక్షణ కావాలి, ఫైళ్లు తెప్పించుకునే అధికారం కావాలి.

ఆచార్యులు: అధికారం ఉంది, ఆలస్యం కూడా ఉంది. అప్పటికి నీళ్లూ పారాయి, అప్పులూ పారాయి. రాజ్యాంగం 151వ అధికరణ ప్రకారం కాగ్ నివేదిక గవర్నరుకు అందాలి, ఆయన దాన్ని శాసనసభ ముందు పెట్టించాలి. ఎన్ని రోజుల్లో పెట్టించాలో అందులో లేదు. ఆ ఖాళీని ఏ పార్టీ ప్రభుత్వమైనా వాడుకుంటుంది. సమావేశాల చివరి రోజు బల్ల మీద పెడతారు. మర్నాడు సభ ఉండదు.

వ్యాఖ్యాత: పీడీ ఖాతాల మాట తరచూ వింటుంటాం. ఇంట్లో చూస్తున్నవారికి అర్థమయ్యేలా చెబుతారా?

ఆచార్యులు: ఒక శాఖకు ఆసుపత్రి గదులు కట్టమని డబ్బు కేటాయించారనుకోండి. మార్చి 31 నాటికి ఖర్చు కాకపోతే ఆ కేటాయింపు మురిగిపోతుంది. మురగకుండా ఆ మొత్తాన్ని పీడీ ఖాతాకు, అంటే ఒక అధికారి పేరిట ఉండే వ్యక్తిగత డిపాజిట్ ఖాతాకు మళ్లిస్తారు. సంచిత నిధి, అంటే ప్రభుత్వ రాబడి అంతా చేరే ప్రధాన నిధి నుంచి బయటికి వచ్చింది కాబట్టి పద్దుల్లో అది ఖర్చయినట్టే. గోడ లేవలేదు, ఇటుక కొనలేదు, కానీ ఆ ఏడాది ఆసుపత్రుల మీద ఇంత ఖర్చు పెట్టామని శాసనసభకు చెప్పే అంకెలో అది చేరిపోతుంది. నిజానికి ఆ డబ్బు ప్రభుత్వ ఖజానాలోనే ఇంకో పద్దు కింద ఉంటుంది. తర్వాత అధికారి బిల్లు పెడితే ఖజానాలో నగదు లేదంటారు. ఖాతాలో నిల్వ ఉంటుంది, చేతికి రూపాయి రాదు. ఇది నన్ను బాధపెడుతుంది. శాసనసభ్యుడికే అసలు ఖర్చు తెలియకపోతే ఓటరుకు ఎలా తెలుస్తుంది?

ఆడిట్ అధికారి: ప్రభుత్వ కార్పొరేషన్ల అప్పులూ అంతే. కార్పొరేషన్ పేరిట అప్పు తెచ్చి ప్రభుత్వం తీర్చుతుంటే, అది బడ్జెట్‌లో అప్పుగా కనిపించదు. 2022లో కేంద్రం వాటిని రాష్ట్రం అప్పుల కింద కలిపి లెక్కించడం మొదలుపెట్టాకే గట్టిగా చర్చ జరిగింది.

కార్యకర్త: సర్, అసలు సంగతి దాటిపోతోంది. తప్పు తేలాక ఏమవుతోంది? ప్రజావేదికలో తేలిన సొమ్ములో తిరిగి రాబట్టేది చిన్న భాగమే. ఊళ్లో పని చూపించి మస్టరు రాసే ఫీల్డ్ అసిస్టెంటును తీసేస్తారు. కొలత పెంచి రాసిన ఇంజినీరింగ్ సిబ్బంది, బిల్లు మీద సంతకం చేసిన పైవాళ్లు బదిలీతో సరిపెట్టుకుంటారు. సామాజిక తనిఖీలో తేలిన అక్రమాలపై చర్యల కోసం 2012లో ఉమ్మడి రాష్ట్రం ప్రత్యేకంగా చట్టమే చేసింది. చట్టం రాయడంతో పని అయిపోయిందనుకున్నారు.

వ్యాఖ్యాత: ఇప్పుడు అంతా ఫోన్లలో నమోదు చేస్తున్నారు కదా. పని జరిగే చోటే ఫొటో తీస్తున్నారు.

కార్యకర్త: 2023 జనవరి నుంచి ఉపాధి హామీ పనుల్లో ఫొటోలతో యాప్‌లో హాజరు తప్పనిసరి చేశారు. 2025 జులైలో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖే రాష్ట్రాలకు లేఖ రాసింది. పనికి సంబంధం లేని ఫొటోలు పెడుతున్నారని, ఫొటోను మళ్లీ ఫొటో తీసి ఎక్కిస్తున్నారని అందులో ఉంది. సిగ్నల్ అందక నిజంగా పనిచేసిన మనిషి హాజరు పోతోంది, దొంగ హాజరు నిలుస్తోంది. యాప్ వద్దనను. దాన్ని చూపించి తనిఖీ బృందాలకు నిధులు ఆపవద్దంటాను. ఉపాధి హామీ ఖర్చులో 0.5 శాతం దాకా సామాజిక తనిఖీకి ఇవ్వాలన్నది కేంద్రం పెట్టుకున్న లెక్కే. ఆ డబ్బు సకాలంలో రాకపోతే తనిఖీ చేసే పిల్లలకు జీతం ఉండదు. తనిఖీని ఆపాలనుకునేవారికి ఇంతకంటే సులువైన దారి లేదు.

వ్యాఖ్యాత: ఒక ప్రేక్షకుడు అడుగుతున్నారు. "మా పంచాయతీ లెక్కలు నేనెలా చూడాలి?"

ఆడిట్ అధికారి: పంచాయతీల లెక్కల కోసం కేంద్రం నడిపే ఈ-గ్రామస్వరాజ్ పోర్టల్‌లో మీ పంచాయతీ రాబడి, ఖర్చు కనిపిస్తాయి. 15వ ఆర్థిక సంఘం తన నిధులు పొందాలంటే పంచాయతీ లెక్కలు ఆన్‌లైన్‌లో ఉండాలని షరతు పెట్టింది కాబట్టి అడగడానికి మీకు గట్టి ఆధారమే ఉంది. అక్కడ లేకపోతే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. మొత్తం లెక్క అడగవద్దు, దొరకదు. ఒక పని పేరు చెప్పి, దాని అంచనా, కొలతల పుస్తకం నకలు, బిల్లు చెల్లించిన తేదీ అడగండి.

కార్యకర్త: ఆ కాగితాలు పట్టుకుని ఒంటరిగా పంచాయతీ ఆఫీసుకు వెళ్లవద్దండీ. గ్రామసభ రోజు వెళ్లండి, పక్కన ఇంకో పదిమందిని కూర్చోబెట్టుకుని చదవండి.