తేనెపిట్ట ముక్కు కొస దాకా షార్ప్‌గా రావాలంటే

అందరికీ నమస్కారమండి. ఈరోజు ఏ కెమెరా కొనాలి, ఏ లెన్స్ మంచిది అన్న చర్చలోకి నేను వెళ్ళను. తేనెపిట్ట, ప్రినియా, టైలర్ బర్డ్, గిజిగాడు లాంటి చిన్న పిట్టల్ని తీసేటప్పుడు డెప్త్ ఆఫ్ ఫీల్డ్, అంటే ఫొటోలో ముందు నుంచి వెనక్కి షార్ప్‌గా వచ్చే మందం, ఎంత ఉంచుకోవాలి అన్న ఒక్క విషయమే మాట్లాడతాను. మనవాళ్ళు అంత కష్టపడి, చీకటితో లేచి వెళ్ళి తీసిన ఫొటోలు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే అని నా గట్టి అభిప్రాయం.

అపర్చర్, అంటే లెన్స్‌లో వెలుతురు వచ్చే రంధ్రం, ఎంత తెరిస్తే అంత మంచిదని మనలో చాలామంది అనుకుంటారు. వెనకాల అంతా మెత్తగా, ఆకుపచ్చగా కరిగిపోవాలి, అప్పుడే అది ప్రొఫెషనల్ ఫొటో అని. ఆ మెత్తదనం కోసం పిట్టలో సగాన్ని పోగొట్టుకుంటున్నామండి.

ఒక్కసారి లెక్క చూద్దాం. ఫుల్ ఫ్రేమ్ కెమెరా, 600 ఎంఎం లెన్స్, పిట్ట 6 మీటర్ల దూరంలో ఉంది. ఎఫ్ పక్కన అంకె పెరిగేకొద్దీ అపర్చర్ చిన్నదవుతుంది. ఎఫ్/6.3 పెడితే షార్ప్‌గా వచ్చే మందం మొత్తం కలిపి దాదాపు 38 మిల్లీమీటర్లు. కంటి మీద ఫోకస్ పెట్టాం కాబట్టి అందులో సగం కంటికి ముందు, సగం వెనక, అంటే ముందువైపు మనకు దక్కేది 19 మిల్లీమీటర్లే. మీది క్రాప్ సెన్సర్, అంటే ఫుల్ ఫ్రేమ్ కంటే చిన్న సెన్సర్ ఉన్న కెమెరా అయితే, అదే లెన్స్‌తో అదే దూరం నుంచి మొత్తం మందం 25కి పడిపోతుంది.

ఇప్పుడు పిట్టను చూడండి. తేనెపిట్ట మొత్తం పొడవు 10 సెంటీమీటర్లు, ఆ వంకర ముక్కే రెండు సెంటీమీటర్లకు అటూఇటూగా ఉంటుంది, కన్ను దగ్గర్నుంచి కొలిస్తే ఇంకొంచెం ఎక్కువ. అది పక్కకు తిరిగి కూర్చుంటే ముక్కు, కన్ను, రెక్క, తోక అన్నీ మనకు ఇంచుమించు ఒకే దూరంలో ఉంటాయి, ఎఫ్/6.3 హాయిగా సరిపోతుంది. అదే పిట్ట మోదుగ పువ్వులోంచి తల తీసి మనవైపు చూసిందనుకోండి, అందరం ఎదురుచూసేది ఆ క్షణం కోసమే కదా, కన్ను అద్దంలా వస్తుంది కానీ ముక్కు కొస, దాని మీద అంటుకున్న పుప్పొడి మసకబారిపోతాయి. ఎఫ్/11కి వెళ్తే కంటికి ముందు 33 మిల్లీమీటర్లు దొరుకుతుంది, ముక్కు మొత్తం వచ్చేస్తుంది. అందుకే నేను అనేది, అపర్చర్‌ని ఇంటి దగ్గరే సెట్ చేసుకుని మర్చిపోవద్దు, పిట్ట ఎటు తిరిగిందో చూసి డయల్ తిప్పండి.

మరి బ్యాక్‌గ్రౌండ్ సంగతేంటి అంటారా? దాన్ని ఎక్కువగా తేల్చేది పిట్టకీ వెనక చెట్లకీ మధ్య ఉన్న దూరం. ఇందాకటి లెక్కలోనే వెనక చెట్లు ఇంకో 10 మీటర్ల అవతల ఉంటే, ఎఫ్/11 దగ్గర కూడా అక్కడి ఒక్కో చుక్కా ఫ్రేమ్ వెడల్పులో పదో వంతు దాకా పరుచుకుంటుంది. అంతకంటే మెత్తదనం ఏం కావాలి? అదే కొమ్మ పిట్ట వెనకాలే జానెడు దూరంలో ఉంటే ఎఫ్/4 కూడా మిమ్మల్ని కాపాడదు. అలాంటప్పుడు రెండడుగులు పక్కకు జరగండి, లేదా కాస్త వంగండి.

ఇంకోటి, దగ్గరికి వెళ్ళాలన్న తపన తగ్గించుకోండి. 6 మీటర్ల నుంచి 9 మీటర్లకు వెనక్కి వస్తే అదే ఎఫ్/6.3 దగ్గర 38 కాస్తా 85 మిల్లీమీటర్లు అవుతుంది. పిట్ట చిన్నదైపోయిందని క్రాప్ చేస్తే కొంత లాభం పోతుంది, నిజమే, అయినా 57 దాకా మిగులుతుంది. 45 మెగాపిక్సెల్ కెమెరాలో ఆ క్రాప్ తర్వాత కూడా 20 మెగాపిక్సెల్స్ ఉంటాయి. పైగా పిట్ట బెదరదు, నాకు దానికంటే పెద్ద లాభం కనపడదు. లెన్స్‌కీ కెమెరాకీ మధ్య పెట్టి దూరాన్ని 1.4 రెట్లు దగ్గరగా చూపే 1.4 కన్వర్టర్ పెడితే ఎఫ్ నంబర్ పెరుగుతుంది కదా, డెప్త్ కూడా పెరుగుతుందేమో అని అడుగుతుంటారు. పెరగదండి, అదే దూరం నుంచి తీస్తే దాదాపు 30 శాతం తగ్గుతుంది.

అసలు పరీక్ష గిజిగాడి దగ్గర. వానాకాలంలో ఈతచెట్టుకో తుమ్మచెట్టుకో గూళ్ళు వేలాడుతుంటాయి. మగది సగం గూడు కట్టి, ఆడపిట్ట రాగానే దాని కింద వేలాడుతూ రెక్కలు టపటపలాడిస్తుంది, ఆడది వచ్చి గూడు పరిశీలిస్తుంది, నచ్చితేనే మిగతా సగం. ఇక్కడ పిట్ట, గడ్డి అల్లిక రెండూ కావాలి, కాబట్టి ఎఫ్/11 అనిపిస్తుంది. రెక్కలు ఆగాలంటే షట్టర్ వేగం 1/2000 సెకను కావాలి. పైన చూస్తే మబ్బు. అలాంటి వెలుతురులో ఎఫ్/6.3 దగ్గర ఐఎస్ఓ (వెలుతురుని కెమెరా ఎంత పెంచి చూపాలో చెప్పే సెట్టింగ్) 2000తో అయ్యే పని ఎఫ్/11కి 6400 అడుగుతుంది. ఇక్కడే అందరికీ టెన్షన్. పెంచేయండి, భయపడకండి. నాయిస్‌ని, అంటే ఐఎస్ఓ పెంచితే ఫొటోలో వచ్చే గరుకు చుక్కల్ని, ఇవాళ సాఫ్ట్‌వేర్ బాగానే తగ్గిస్తుంది, ఫోకస్‌లో లేని ఈకల్ని ఏ సాఫ్ట్‌వేరూ నిజాయితీగా తిరిగి తేలేదు. అలాగని ఎఫ్/16కి పోవద్దు, డిఫ్రాక్షన్ (చిన్న రంధ్రంలోంచి వచ్చే వెలుతురు చెదరడం) వల్ల ఈకల సన్నగీతలు మెత్తబడతాయి, క్రాప్ సెన్సర్లలో ఎఫ్/11 దగ్గరే అది మొదలవుతుంది. రెండు పిట్టలు ఫ్రేమ్‌లో ఉంటే డయల్ కంటే ముందు మీ కాళ్ళు కదపండి, రెండూ మీకు సమాన దూరంలో ఉండే చోటు వెతుక్కోండి.

గూళ్ళ మాట వచ్చింది కాబట్టి ఇది చెప్పకుండా ఉండలేను. టైలర్ బర్డ్ ఆకుల్ని కుట్టి గూడు పెట్టేది కనపడకుండా ఉండటానికే. ఫొటోకి అడ్డమని ఒక్క ఆకు పక్కకు కట్టినా, తుంచినా, కాకికీ జెముడు కాకికీ దారి చూపించినట్టే. రికార్డు చేసిన కూత వినిపించి పిట్టను బయటికి రప్పించడమూ వద్దు, గుడ్లూ పిల్లలూ ఉన్న రోజుల్లో అసలే వద్దు. ఎదర ఆకు అడ్డమొస్తే ఆ రోజుకి ఆ ఫొటో లేదనుకుందాం.

ఈ లెక్కలు నోటికి పట్టాల్సిన పని లేదు. ఇంటికి వెళ్ళాక పెన్సిలొకటి 6 మీటర్ల దూరంలో, కొస మీవైపు ఉండేలా ఏటవాలుగా పెట్టి, మధ్యలో ఫోకస్ చేసి ఎఫ్/6.3, 8, 11 దగ్గర ఒక్కో ఫొటో తీయండి. కంప్యూటర్లో నూరు శాతం జూమ్ చేస్తే మీ లెన్స్ ఎంత మందం ఇస్తుందో మీ కళ్ళకే కనపడుతుంది. వచ్చేసారి ఆ మూడు ఫొటోలూ పట్టుకురండి, పక్కపక్కన పెట్టి చూద్దాం. ఇక ప్రశ్నలు అడగండి.