బొమ్మ నోట మాట

శ్రోతలకు నమస్కారం.

మీరు ఇంట్లో ఉన్నా, పొలం గట్టు మీద ఉన్నా ఒక చిన్న పని చేయండి. చూపుడు వేలిని పెదవుల మీద ఆనించి 'అమ్మ' అనండి. పెదవులు రెండూ మూసుకుని, మళ్లీ తెరుచుకున్నాయి కదా. ఇప్పుడు 'తాత' అనండి. పెదవులు కలవనే లేదు. 'అక్క' అన్నా, 'నాన్న' అన్నా కలవవు. 'బాపు' అంటే మాత్రం రెండుసార్లు కలుస్తాయి. మట్టి బొమ్మతో మాట్లాడించాలని అనుకునేవాళ్లకు మొదటి పాఠం ఇదే.

స్టాప్ మోషన్ అంటే బొమ్మను వెంట్రుకవాసి కదిలించి ఒక ఫొటో, మళ్లీ కాస్త కదిలించి ఇంకో ఫొటో తీయడం. అవన్నీ వరుసగా వేగంగా చూపిస్తే బొమ్మ తనంతట తాను నడిచినట్టు ఉంటుంది. సినిమాలో సెకనుకు 24 ఫ్రేములు, అంటే 24 విడి చిత్రాలు. స్టాప్ మోషన్‌లో చాలామంది ఒక్కో భంగిమను రెండు ఫ్రేముల పాటు ఉంచుతారు కాబట్టి సెకనుకు 12 ఫొటోలు చాలు. అయినా ఒక్క నిమిషానికి 720 ఫొటోలు. ఇప్పుడు ఈ ఫొటోలన్నీ సెల్‌ఫోన్‌తోనే తీయొచ్చు. మన నల్లగొండ, పాలమూరు పిల్లలు దీన్ని నేర్చుకోవాలని నాకు గట్టి కోరిక, అందుకే ఈ ప్రసంగం.

బొమ్మ మాట్లాడాలంటే ముందు గొంతు రికార్డు చేయాలి. ఫొటోలు తీశాక మాటలు అతికిద్దామంటే కుదరదు. రికార్డు చేసిన మాటను కంప్యూటర్‌లో ఆడాసిటీ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో తెరిచి, కొంచెం కొంచెంగా వింటూ, ఏ అక్షరం ఏ ఫొటో దగ్గర పడుతుందో గడుల కాగితం మీద రాసుకోవాలి. దీన్ని ఎక్స్‌పోజర్ షీట్ అంటారు. పోచంపల్లిలో, పుట్టపాకలో ఇక్కత్ నేసేవాళ్ల ఇళ్లకు వెళ్లినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. డిజైన్ ముందే గ్రాఫ్ కాగితం మీద గడి గడికీ ఉంటుంది. దాని ప్రకారం నూలు కట్టి, రంగులద్ది, ఆ తర్వాతే మగ్గం ఎక్కిస్తారు. మగ్గం మీద కూర్చున్నాక పువ్వు ఎక్కడ రావాలో ఆలోచించరు. కెమెరా ముందు కూర్చున్నాక నోరు ఎప్పుడు తెరవాలో మనమూ ఆలోచించకూడదు.

'అమ్మా' అని పిలవడానికి అర సెకను పట్టిందనుకోండి. అంటే ఆరు ఫొటోలు. మొదటి రెండింటిలో నోరు కొద్దిగా తెరిచి ఉంటుంది, మూడు, నాలుగింటిలో మూసి, అయిదు, ఆరింటిలో బాగా తెరిచి. 'మ'కు ఒత్తు ఉంది కాబట్టి పెదవులు రెండు ఫొటోల పాటు మూసే ఉంచాలి. ఒత్తుకు తగినంత సమయం ఇవ్వకపోతే 'అమ్మా' కాస్తా 'అమా'లా కనిపిస్తుంది.

మనం మాట్లాడేటప్పుడు సెకనుకు అయిదారు అక్షరాలు దొర్లిపోతాయి. ప్రతి అక్షరానికీ నోరు మార్చబోతే బొమ్మ ఏదో నములుతున్నట్టు ఉంటుంది. క, గ, త, ద, న, ల, ర లాంటివి నోటి లోపల నాలుక చేసే పని, బయటికి పెద్దగా కనిపించవు. వాటిని వదిలేసి అచ్చులను పట్టుకోండి. 'ఆ'కు నోరు బాగా తెరుచుకుంటుంది, 'ఈ'కి పక్కలకు సాగుతుంది, 'ఊ', 'ఓ'లకు గుండ్రంగా ముందుకొస్తుంది. ప, బ, మలకు మాత్రం ఒక్క ఫొటోకైనా పెదవులు మూయాల్సిందే. చూసేవాళ్లు మిగతావన్నీ క్షమిస్తారు, ఇది క్షమించరు. కాగితం మీద అయిదారు నోళ్లు గీసి కత్తిరించుకుంటే చాలు, ముఖం మీద మార్చి మార్చి అతికించుకోవచ్చు. తడబడితే, నోరు మాట కంటే ఒక ఫొటో ముందుండటం నయం, వెనకపడితే వెంటనే తెలిసిపోతుంది. వెలుగు ముందు, చప్పుడు తర్వాత రావడం మన కళ్లకూ చెవులకూ అలవాటే కదా.

పెదవుల లెక్క మనకు కొత్తదేమీ కాదు. నల్లగొండ ప్రాంతపు మరింగంటి కవుల్లో సింగరాచార్యులు 16వ శతాబ్దంలోనే దశరథరాజనందన చరిత్రను నిరోష్ఠ్య కావ్యంగా రాశారు. అంటే పెదవులు తగిలే అక్షరాలు లేకుండా కావ్యమంతా నడిపించారు! అంత విద్య మనకు అక్కర్లేదు గానీ, డైలాగు రాసేటప్పుడు పెదవుల వైపు ఒక కన్ను వేసి ఉంచడం మాత్రం ఆయన దగ్గర నేర్చుకోదగ్గదే.

ఇక స్క్రిప్టు. నా దృష్టిలో అసలు కష్టం ఇక్కడే ఉంది. కొత్తగా రాసేవాళ్లు బొమ్మలతో తెగ మాట్లాడిస్తారు. ఒక ఉదాహరణ చెబుతాను. తల్లిదండ్రులు పని కోసం బొంబాయికి వలస పోయారు, పిల్ల అవ్వ దగ్గర ఉంటోంది. పాలమూరులో ఇలాంటి ఇల్లు తెలియనివాళ్లు ఉండరు. ఫోన్ మోగింది. మొదటిసారి రాస్తే పిల్ల డైలాగు ఇలా వస్తుంది: "అమ్మా, నువ్వు పోయి ఆర్నెల్లాయె, అవ్వకు మోకాళ్ల నొప్పులు, బడిలో నాకు ఫస్టు ర్యాంకు వచ్చింది." తల్లికి తెలిసినవీ తెలియనివీ అన్నీ పిల్ల నోట కుక్కేశాం. పైగా ఆరేడు సెకన్ల మాట, అంటే దాదాపు ఎనభై ఫొటోల్లో నోటి పని.

ఇవన్నీ తీసేయండి. అవ్వ గోడ పట్టుకుని లేస్తుంది, నొప్పి తెలిసింది. గోడకు వేలాడే క్యాలెండర్‌లో దసరా తేదీ చుట్టూ పిల్ల గీసిన సున్నా ఉంది, ఎదురుచూపు తెలిసింది. అప్పుడు పిల్ల ఒక్కటే అడుగుతుంది: "అమ్మా, ఎప్పుడొస్తవ్?" పెదవులు రెండే రెండుసార్లు కలుస్తాయి. అటువైపు తల్లి గొంతు ఫోన్‌లోంచి వస్తుంది కాబట్టి ఆమె ఎంత మాట్లాడినా మనకు నోటి పనే లేదు. ఆ సమయమంతా పిల్ల ముఖం మీద పెట్టండి. కనురెప్ప వాలాలి, ఫోన్‌ను చెవికి ఇంకాస్త అదుముకోవాలి, వేలు పావడా అంచును చుట్టుకోవాలి. మాట్లాడే బొమ్మ కంటే వినే బొమ్మలోనే ఎక్కువ ప్రాణం కనిపిస్తుందని నా నమ్మకం. లిప్ సింక్, అంటే మాటకు తగ్గట్టు పెదవులు కదిలించడం, ఎంత బాగా నేర్చుకుంటే, దాన్ని అంత తక్కువగా వాడాలనిపిస్తుంది.

రాసింది మీ ఊరి మాటలోనే ఉండనివ్వండి. 'వస్తున్నావు' అనే చోట 'వస్తున్నవ్' అంటే నోరు కూడా ఆ యాసలోనే కదలాలి, కాబట్టి మాట రికార్డయ్యాకే షీటు రాయండి, కాగితం మీది డైలాగు చూసి కాదు. గొంతు పట్టేటప్పుడు ఫ్యాను ఆపేయండి, గోడలు మోగకుండా బొంతలు వేలాడదీయండి.

బొమ్మకు చెరువు మట్టి వద్దు, ఎండి పగులుతుంది. స్టేషనరీ షాపుల్లో దొరికే నూనె కలిసిన క్లే ఎండదు గానీ మన ఏప్రిల్, మే ఎండలకు మెత్తబడి చేతికి అంటుకుంటుంది. వేసవి సెలవుల్లో చేస్తే తెల్లవారుజామున కూర్చోండి. కిటికీ మూసి ఒకే లైటు పెట్టుకోండి, లేదంటే ఎండ మారినప్పుడల్లా బొమ్మ ముఖం మినుకుమినుకుమంటుంది. ఫోన్‌ను స్టాండుకు బిగించి, ఫోకస్, వెలుతురు రెండూ లాక్ చేయండి.

మొదటిసారి పది సెకన్ల కంటే ఎక్కువ పెట్టుకోవద్దు. 120 ఫొటోలు, ఇద్దరు మనుషులు, ఒక ప్రశ్న, ఒక జవాబు. ఆ గొంతుల్లో ఒకటి మీ ఇంట్లో ఉన్న అవ్వదో తాతదో అయితే ఇంకా మంచిది. డైలాగు చదివించకండి, ప్రశ్న అడిగి వాళ్లు చెప్పేది రికార్డు చేసుకోండి. మధ్యలో వాళ్లు ఆగిన చోట్లను కత్తిరించకుండా షీటులో ఖాళీ గడులుగా వదలండి. ఆ గడుల్లో నోటితో పని లేదు, బొమ్మ కళ్లు కదిలించండి.

నమస్కారం.